కాలవ, రైలు, ఓడ - కాటన్ దొర లెక్క

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ పేరు తెలియని రైతు గోదావరి జిల్లాల్లో లేడు. ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి. గోదావరిలో మునిగి లేస్తూ ఆయన్ని తలుచుకునే వాళ్ళూ ఉన్నారు. అయితే మనం ఆయన్ని నీళ్ళిచ్చిన దొరగానే గుర్తు పెట్టుకున్నాం. ఆయన బతుకులో సగం తగవు సరుకు రవాణా గురించి జరిగిందన్న సంగతి చాలామందికి తెలియదు. పండిన గింజ ఏ దారిన పోవాలి, దారిలో ఎన్నిసార్లు ఎక్కించి దించాలి, ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది, మిగిలింది ఎవరి జేబులోకి పోతుంది అనే ప్రశ్నల మీద ఆయన తన సొంత ప్రభుత్వంతోనే దశాబ్దాల పాటు పోట్లాడాడు. ఆ పోట్లాట ఇంకా తెగలేదు. అందుకే ఆయన కథను ఈసారి రేవు వైపు నుంచి చెప్పుకుందాం.

సిపాయి ఇంజనీరు

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. తల్లిదండ్రులకు పదకొండుమంది కొడుకులు. వారిలో ఈయన పదోవాడు. పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చేరి ఇంజనీరింగు నేర్చుకున్నాడు. 1821లో మద్రాసులో దిగాడు. అప్పటికి వయసు పద్దెనిమిదేళ్ళు. ఆయన తొలినాళ్ళ పనుల్లో ఒకటి ఇండియాకూ సింహళానికీ మధ్యనున్న పాంబన్ జలమార్గాన్ని సర్వే చేయడం. ఓడలు సింహళం చుట్టూ తిరిగి పోనక్కర లేకుండా ఆ ఇరుకు దారిని లోతు చేయవచ్చా అన్నది ప్రశ్న. అంటే నీటి మీద సరుకు నడిపించే సమస్య మొదట్నుంచే ఆయన చేతిలో పడిందన్నమాట.

తరువాత బర్మా యుద్ధానికి పోయివచ్చి కావేరీ పనుల్లో దిగాడు. అక్కడ చోళరాజుల కాలం నాటి కల్లణై ఆయనకు బడి అయింది. ఇసుక నేలలో గట్టి పునాది తగలకపోయినా, రాళ్ళను దిబ్బగా పోసి ప్రవాహానికి అడ్డుకట్ట ఎలా నిలబెట్టవచ్చో ఆ పాత కట్టడం చూసి నేర్చుకున్నాడు. 1836లో కొళ్ళిడం నది మీద ఆనకట్టలు కట్టించాడు. దొర తెలివి అని మనం చెప్పుకునే దానిలో పేరు తెలియని మన పూర్వపు కూలీలు, మేస్త్రీలు దాచిపెట్టిన తెలివి ఎంతో ఉంది. ఆ సంగతి ఆయన కూడా దాచలేదు.

ఇంకో విచిత్రం. రైలు అంటే గిట్టని మనిషి అని పేరు పడ్డ కాటనే మన దేశంలో తొలి రైలు పట్టాలు వేయించిన వాళ్ళలో ఒకడు. మద్రాసు రోడ్లకు రాయి కావలసి వచ్చింది. 1837 ప్రాంతంలో రెడ్‌హిల్స్ నుంచి చింతాద్రిపేట దాకా రాతి బళ్ళు నడిచే పట్టాల దారి వేశారు. ఆ పని కాటన్ చేతిమీదుగా జరిగింది. కనుక పట్టాల మీద ఆయనకు ద్వేషం లేదు. ఏ సరుకుకు ఏ దారి తగినదో లెక్క వేసి చూడాలన్నదే ఆయన పట్టుదల.

కరువు జిల్లా

ఆయన గోదావరికి వచ్చేనాటికి ఈ ప్రాంతం దిక్కుమాలి ఉంది. 1832-33లో వచ్చిన కరువు గుంటూరు సీమలో ఊళ్ళకు ఊళ్ళనే తుడిచిపెట్టింది. దాన్నే మన పెద్దలు డొక్కల కరువు అన్నారు. 1839లో ఉప్పెన వచ్చి కోరంగి రేవును ముంచేసింది. కంపెనీ వాళ్ళు ఇంజరం, మాధవాయపాలెం వంటి చోట్ల బట్ట కొనే వ్యాపారాన్ని ఎత్తేశారు. మాంచెస్టరు మరబట్ట దిగుమతి అయ్యేసరికి సాలెవాళ్ళ మగ్గాలు ఆగిపోయాయి. 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇరవై ఏళ్ళలో నాలుగోవంతు మంది చచ్చిపోయారు, లేదా వలస పోయారు.

శిస్తు రాబడి పడిపోయేసరికి కంపెనీకి కంగారు పుట్టింది. 1844లో హెన్రీ మాంట్‌గొమరీ అనే అధికారి వచ్చి జిల్లా పరిస్థితి మీద నివేదిక రాశాడు. ఆనకట్ట సాధ్యాసాధ్యాలు చూడమని కాటన్‌ను పంపారు. ఆయన 1844, 1845లలో రెండు నివేదికలిచ్చాడు. 1846 చివర అనుమతి వచ్చింది. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, మధ్య లంకలను ఆసరా చేసుకుని, మొత్తం సుమారు 12 వేల అడుగుల కట్ట లేచింది. మధ్యలో ఆరోగ్యం చెడి కాటన్ ఆస్ట్రేలియాకు పోతే కెప్టెన్ ఓర్ పని నడిపాడు. ఆ ఓరే ఆ తరువాత 1852-55లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టాడు. కూలీలను కూడగట్టి పని సాగించడంలో వీణెం వీరన్న అనే మన తెలుగాయన కాటన్‌కు కుడిభుజంగా నిలిచాడు.

ఈ కట్టుబడి ఎలా సాగిందో చూస్తే కాటన్ రవాణా పాఠమంతా అందులోనే ఉంది. ధవళేశ్వరం కొండలో కొట్టిన రాయిని పట్టాల మీద బళ్ళతో నది ఒడ్డుకు చేర్చారు. అక్కణ్ణించి పడవల మీద నడినదికి తోలారు. నేల మీద పట్టా, నీటి మీద పడవ, రెండూ ఒక్క పనికి జత కలిశాయి. ఈ జత కలపడాన్నే ఈనాటి వ్యాపారస్తులు సంయుక్త రవాణా అని పెద్దపేరు పెట్టి పిలుస్తున్నారు. ఎండలో రాళ్ళు మోసిన వేలాది కూలీల పేర్లు మాత్రం ఏ రాతి పలక మీదా లేవు.

కాలవే బాట

ఆనకట్ట నుంచి తీసిన పెద్దకాలవలను కాటన్ తడికోసమే తవ్వించలేదు. వాటిలో పడవలు నడవాలని మొదట్నుంచీ అనుకున్నాడు. ఇది చెప్పినంత సులువు కాదు. పొలానికి నీళ్ళు పారాలంటే కాలవకు వాలు ఉండాలి. పడవ నడవాలంటే నీరు నెమ్మదిగా, లోతుగా ఉండాలి. ఈ రెంటికీ పొత్తు కుదరదు. అందుకే కాలవను మెట్లుమెట్లుగా దించి, ప్రతి మెట్టు దగ్గరా లాకు కట్టారు. పడవ లాకులోకి రాగానే వెనక తలుపులు మూస్తారు. లోపల నీరు తగ్గించో పెంచో పడవను అవతలి మట్టానికి చేర్చి, ముందు తలుపులు తీస్తారు. డెల్టాలో పుట్టిన వాళ్ళకు లాకుల దగ్గర ఈ తతంగం బాగా తెలిసిందే.

ఫలితం ఏమిటి? గోదావరి కాలవలు ఏలూరు కాలవ ద్వారా కృష్ణా కాలవలతో కలిశాయి. కొమ్మమూరు కాలవ పెదగంజాం దాకా పోయింది. 1876-78 కరువులో కూలిపనుల కింద తవ్వి పొడిగించిన బకింగ్‌హాం కాలవ అక్కడ అందుకుని మద్రాసు మీదుగా మరక్కాణం దాకా సాగింది. కాకినాడలో ఎక్కించిన బస్తా ఉప్పుటేటి గాలి పీలుస్తూ నీటి మీదనే మద్రాసు చేరగలిగేది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు లాగే మనుషులు. ఎడ్లబండి మోయలేని బరువును ఇద్దరు ముగ్గురు మనుషులు పడవలో లాక్కుపోయేవారు. నీటి మీద బరువు తేలికని చెప్పడానికి ఇంతకంటె రుజువు అక్కర్లేదు.

ఇటు దేశంలోపలి వర్తకం ఇలా నడిస్తే, అటు విదేశీ వర్తకం కాకినాడ రేవులో అందుకుంది. కోరంగి పూడుకుపోతుంటే కాకినాడ పెరిగింది. అక్కడ పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. సముద్రంలో దూరంగా లంగరు వేసుకుని నిలబడితే, చిన్నపడవలు సరుకు చేరవేయాలి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలయ్యేసరికి లాంకషైరు మిల్లులకు దూది కరువైంది. కాకినాడ ఎగుమతులకు రెక్కలొచ్చాయి. కృష్ణా, గుంటూరు సీమల్లో పండిన దూది కాలవల మీద కాకినాడ చేరి, అక్కడ ఓడ ఎక్కేది. పండిన ఊరు ఎక్కడైనా విదేశీ బజారులో దానికి కోకనాడ దూది అనే పేరు నిలిచిపోయింది. సరుకుకు పండించిన రైతు పేరు రాలేదు, చివర ఎక్కించిన రేవు పేరు వచ్చింది. తిరుగు పడవల్లో ఉప్పు, సీమగుడ్డ వచ్చేవి. అదే రేవునుంచి మన కూలీలు ఓడలెక్కి రంగూన్‌కు వలస పోయేవారు.

రైతు చేతికి ఏమొచ్చింది?

ఇక్కడ కాసేపు ఆగి ఒక లెక్క చూద్దాం. అర్థం కావడానికి మాత్రమే ఈ అంకెలు. రేవులో బస్తా ధర 100 రూపాయలు అనుకోండి. ఊరినుంచి రేవుకు చేర్చే ఖర్చు 30 రూపాయలైతే ఊళ్ళో రైతుకు 70 కి మించి ఎవడూ ఇవ్వడు. కాలవ వచ్చి ఖర్చు 10కి తగ్గింది. అప్పుడు ఊళ్ళో ధర 90 కావాలి. తగ్గిన 20 రూపాయలు రైతువి కావాలి. కాని అవుతాయా? పంట నూర్చగానే అమ్ముకోక తప్పని రైతుకు, షావుకారు దగ్గర ముందే అప్పు తిన్న రైతుకు, కల్లంలోనే గింజ కొలిచి ఇచ్చేసే కౌలుదారుకు ఆ 20 కనిపించదు. పడవ యజమానీ, రేవు వర్తకుడూ, శిస్తు వసూలు చేసే సర్కారూ పంచుకుంటారు. గింజను నాలుగు నెలలు గాదెలో ఆపగలిగిన పెద్దరైతుకు మాత్రం కాస్త దక్కుతుంది. రవాణా ఖర్చు తగ్గడం ఒక ఎత్తు, ఆ తగ్గింపు ఎవరికి చెందాలన్నది ఇంకో ఎత్తు. కాటన్ మొదటిదాన్ని ఎంతో లోతుగా చూశాడు. రెండోదాన్ని చూడలేదు. ఎంత మంచివాడైనా ఆయన కంపెనీ కొలువు చేసిన మనిషి. సర్కారు రాబడి పెరుగుతుందనీ, ఇంగ్లండు మిల్లులకు దూది చవగ్గా చేరుతుందనీ చూపించి తన పథకాలను ఒప్పించుకోవలసి వచ్చింది.

దుమ్ముగూడెం పాఠం

ఆయన పెద్ద కల ఒకటి నెరవేరలేదు. నాగపూరు, వార్ధా, బేరారు ప్రాంతాల నల్లరేగళ్ళలో దూది పండుతుంది. దాన్ని గోదావరి మీదుగా పడవల్లో కిందికి దించి, ధవళేశ్వరం దగ్గర కాలవలోకి మళ్ళించి, కాకినాడలో ఓడకెక్కించాలని ఆయన ఆలోచన. నది, కాలవ, సముద్రం, మూడూ ఒక గొలుసు. అయితే పై గోదావరిలో మూడు చోట్ల రాతిబండలు అడ్డం ఉన్నాయి. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి. అక్కడ కట్టలు, కాలవలు, లాకులు కట్టి పడవలను దాటించాలి. కోనసీమలో గన్నవరం అక్విడక్టు కట్టిన హేగ్ ఈ పని చేపట్టాడు. దుమ్ముగూడెంలో కట్ట లేచింది. అడవిలో జ్వరాలతో పనివాళ్ళు పడిపోతున్నా పని సాగింది. చివరకు 1871లో సర్కారు దాన్ని వదిలేసింది.

ఎందుకు వదిలేసింది? గొలుసులో ఒక్క లంకె బలహీనమైనా మొత్తం గొలుసు తెగుతుంది. ఎండాకాలంలో గోదావరిలో పడవకు చాలినంత నీరుండదు. నీరు ఉన్న నెలలకూ దూది బజారుకు వచ్చే నెలలకూ సరిగా పొందిక లేదు. అడ్డు వచ్చిన ప్రతి చోటా సరుకు ఆగాలి. ఈలోగా 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూరుకు చేరింది. 1869లో సూయజ్ కాలవ తెరిచేసరికి ఇంగ్లండుకు దగ్గరి రేవు బొంబాయి అయింది. ఒకసారి రైల్లో ఎక్కించిన దూది బొంబాయిలో ఓడ దగ్గర దిగుతుంది. దారి ఖర్చు మైలుకు ఎక్కువైనా, ఆగకుండా, అనుకున్న రోజుకు చేరుతుంది. వర్తకుడికి కాలం కూడా డబ్బే. వడ్డీకి తెచ్చిన సొమ్ము సరుకు రూపంలో ఒడ్డున పడి ఉంటే అది రోజూ తరిగిపోతుంది. నీటి దారి చవకని చెప్పిన కాటన్ ఈ ఆగుడు ఖర్చును తక్కువగా అంచనా వేశాడని మనం చెప్పుకోక తప్పదు.

రైలుతో తగవు

అలాగని రైలు నెగ్గింది కేవలం తన బలంతో కాదు. 1849 నుంచి ఇంగ్లండు రైలు కంపెనీల పెట్టుబడి మీద మన ఖజానా 5 శాతం రాబడికి హామీ ఇచ్చింది. లాభం వస్తే వాటాదారుకు, లోటు వస్తే మన రైతు కట్టిన శిస్తుకు. ఎంత దుబారా చేసినా నష్టం లేని వ్యాపారం అది. కాలవలకు అలాంటి హామీ సాధారణంగా దొరకలేదు. తుంగభద్ర మీద సుంకేసుల కట్టి కర్నూలు-కడప కాలవ తవ్విన కంపెనీకి ఒక హామీ దొరికింది కాని, అది నష్టాల్లో కూరుకుపోయి 1882లో సర్కారు చేతికి వచ్చింది. ఆ పథకానికి మూలపురుషుడు కాటనే కాబట్టి ఆయన శత్రువులు దాన్ని ఎత్తి చూపారు.

1876-78లో దక్షిణ దేశాన్ని మహాకరువు కబళించింది. ఇక్కడ రవాణా అసలు రంగు బయట పడింది. రైళ్ళు నడిచాయి, ఓడలు నడిచాయి. కాని గింజ ఆకలి ఉన్న చోటికి పోదు, ధర ఉన్న చోటికి పోతుంది. కొనే శక్తి లేనివాడి ఊళ్ళోంచి కూడా గింజ బయటికి పోతుంది. రాజప్రతినిధి లిట్టన్ బజారులో జోక్యం చేసుకోనని భీష్మించాడు. ప్రజలు చస్తుంటే ఇండియా నుంచి ఇంగ్లండుకు ధాన్యం ఎగుమతి అయింది. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు కూలిని రోజుకు ఒక పౌను గింజకూ కొద్దిపాటి చిల్లరకూ దించాడు. ఆ కూలి తింటూ మట్టి మోసిన వాళ్ళే బకింగ్‌హాం కాలవ తవ్వారు. గోదావరి, కృష్ణా డెల్టాలు మాత్రం నీరు ఉండబట్టి తట్టుకుని నిలిచాయి. తాము తిని ఇతరులకు కూడా పంపాయి.

ఈ తేడాను కాటన్ పట్టుకున్నాడు. రైలు ఉన్న గింజను అటూ ఇటూ తిప్పగలదు, లేని గింజను పుట్టించలేదు. కాలవ గింజను పండిస్తుంది, పండిన దాన్ని మోస్తుంది కూడా. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు ఆయన ఈ వాదాన్ని వినిపించాడు. దేశంలోని నదులన్నిటినీ కాలవలతో కలిపి పడవలు నడపాలన్నాడు. అప్పటికి డెబ్భై అయిదేళ్ళు. కమిటీ ఆయన్ని గుచ్చి గుచ్చి ప్రశ్నించి, చివరకు ఆయన మాట తోసిపుచ్చింది. 1880 నాటి కరువు కమిషన్ నీటిపారుదలను మెచ్చుకుంటూనే రైళ్ళ విస్తరణకు పెద్దపీట వేసింది.

చివరి రోజులు

1860లో ఉద్యోగం విరమించిన కాటన్‌కు 1861లో సర్ బిరుదు ఇచ్చారు. ముసలితనంలో డార్కింగ్ అనే ఊళ్ళో స్థిరపడి, ఇంటి పెరట్లో నేలను లోతుగా తవ్వి గోధుమ పండిస్తూ ప్రయోగాలు చేశాడు. 1899 జులై 24న తొంభై ఆరో ఏట చనిపోయాడు. సరిగ్గా ఆ ఏళ్ళలోనే ఆయన కాలవల పక్కకు రైలు వచ్చింది. 1890లలో తూర్పుకోస్తా రైలు దారి ముక్కలు ముక్కలుగా తెరిచారు. ఆయన పోయిన ఏడాదికి, 1900లో, రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన దాటి రైలు నడిచింది.

ఆశ్చర్యం ఏమిటంటే, రైలు రాగానే కాలవలు చావలేదు. చాలా ఏళ్ళు రెండూ కలిసి పనిచేశాయి. ఊరి గట్టున పడవకెక్కిన ధాన్యం రైలు స్టేషను దగ్గరి రేవులో దిగి బండెక్కేది. కాకినాడకు వేసిన రైలు శాఖ ఓడ సరుకును అందుకునేది. పడవ, రైలు, ఓడ మూడూ ఉన్నప్పుడు ఏ ఒక్కడూ ఇష్టం వచ్చినట్టు కిరాయి పెంచలేకపోయాడు. పోటీ రైతుకు కొంత కాపు కాసింది. తరువాత లారీలొచ్చాయి. రోడ్డు కిందగా పడవ దూరలేనంత తక్కువ ఎత్తున వంతెనలు కట్టారు. లాకుల తలుపులు తుప్పు పట్టాయి. ఏటా ఎండాకాలంలో కాలవలు కట్టేసే రోజుల్లో సరుకు ఎలాగూ ఆగేది, అది వర్తకుడికి సాకు అయింది. ఇరవయ్యో శతాబ్ది రెండో సగంలో పడవలు కనుమరుగయ్యాయి. వాటితోపాటు పడవ సరంగులు, తాడు లాగేవాళ్ళు, రేవు కూలీలు పని పోగొట్టుకున్నారు.

మనకు మిగిలిన ప్రశ్న

ఇప్పుడు లోకం మళ్ళీ కాటన్ మాటకే వచ్చింది. 1956లో అమెరికాలో సముద్రమెక్కిన ఇనుప పెట్టె, అదే కంటైనరు, ఎక్కించి దించే ఖర్చును విరగ్గొట్టింది. పెట్టె విప్పకుండానే లారీ నుంచి రైలుకు, రైలు నుంచి ఓడకు మారుతుంది. మన పార్లమెంటు 1993లో బహువిధ సరుకు రవాణాకు చట్టం చేసింది. 2008లో కాకినాడ-పుదుచ్చేరి కాలవలను, భద్రాచలం-రాజమండ్రి గోదావరిని, వజీరాబాదు-విజయవాడ కృష్ణను కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2016 చట్టంలో జలమార్గాల సంఖ్య 111కు పెరిగింది. ప్రకటించడం సులువే. లాకులు బాగు చేయడం, పూడిక తీయడం, వంతెనలు లేపడం డబ్బుతో పని. అన్నిటికీ మించి, కాలవ చివరి పొలానికి తడి ముందా, పడవకు లోతు ముందా అన్న పాత తగవును రైతులతో కూర్చుని తేల్చాలి. నీరు తక్కువైన ఏడు ఎవరు ఆగాలి? తడే ముందు అన్నది మా మాట. పడవ ఒక నెల ఆగగలదు, నాటిన మడి ఆగలేదు.

ఇక రెండో ప్రశ్న, కాటన్ చూడనిది. కాకినాడనుంచి బియ్యం ఆఫ్రికా దేశాల దాకా పోతోంది. 2023 జులైలో కేంద్రం తెల్లబియ్యం ఎగుమతిని ఆపేసింది, 2024 సెప్టెంబరులో ఎత్తేసింది. రేవులో గేటు మూస్తే ఆ దెబ్బ కల్లంలోని ధర మీద పడుతుంది. గేటు తెరిస్తే వచ్చే లాభం మాత్రం అంత తొందరగా కల్లం దాకా రాదు. దారి ఎంత చవకైనా, గింజను నాలుగు నెలలు నిలవ పెట్టుకునే గిడ్డంగి, దాని మీద తక్కువ వడ్డీ అప్పు, కౌలుదారుకు కూడా గిట్టుబాటు ధర లేకపోతే కిరాయిలో మిగిలిన రూపాయి రేవులోనే ఆగిపోతుంది.

కాటన్ నీటిని పొలం దాకా తెచ్చాడు, పంటను ఓడ దాకా నడిపించాడు. ఓడ దగ్గర పలికిన ధరను తిరిగి పొలం దాకా నడిపించే కాలవ ఇంకా తవ్వలేదు. ఆ పని ఏ దొరా వచ్చి చేయడు. ఊళ్ళో సహకార సంఘం, గిడ్డంగి, రేవు లెక్క అన్నీ రైతుల కళ్ళ ముందు ఉండేలా చూసుకోవలసింది మనమే.